విమానానికి చిక్కిన నా చుట్టుదారి

ఒంటిమిట్ట దగ్గర కొండ వారన నాకు నాలుగెకరాల సీతాఫలం తోట ఉంది. అది అడవి అని సర్కారు పటంలో పడింది. విమానంలోంచి ఫోటోలు తీసి, వాటిని చూసి అడవులకు కొత్త హద్దులు గీస్తున్నారట. ఫారెస్టు గార్డు కాగితం తెచ్చి, "నెల లోపల కర్నూలు పోయి చెప్పుకో. లేకుంటే తోట సర్కారుది" అన్నాడు. మంచం వేసినా కూర్చోలేదు. అదీ గుర్తు పెట్టుకుని బయల్దేరాను.

రైలు ఆరున్నరకు. నేను అయిదుకే స్టేషన్లో ఉన్నాను. ఒకప్పుడు నేను అరనిమిషం ఆలస్యమైతే నన్ను వదిలేసి పోయిన రైలు అది. మళ్ళీ దానికి ఆ అవకాశం ఇవ్వలేదు. ఆ రోజు అదే గంట ఆలస్యంగా వచ్చింది; దాన్ని అడిగేవాడు లేడు. కడప బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. రెండోసారి చట్నీ అడిగితే వడ్డించేవాడు వినబడనట్టు పోయాడు. అక్కడ తినేవాళ్ళు మొదటే ఎక్కువ పోయించుకోండి.

తొమ్మిదింటికి కర్నూలు బస్సు. పక్క సీట్లో మార్తమ్మ అని, నంద్యాలలో కూతురింటికి పోతున్న ఆమె కూర్చుంది. మైదుకూరు దాటాక మూట విప్పి సజ్జరొట్టె, చెనక్కాయల పొడి నాకూ పెట్టింది.

"యాడికి పోతాండావన్నా?" అంది. చెప్పాను.

"గద్దకు కోడిపిల్ల కనపడతాది గానీ, అది ఎవురింటి కోడో దానికేం తెలుసు! పక్క చేనాయన్ను సాక్ష్యానికి పిల్చుకరాకపోతివా?"

"సుబ్బన్నతో మాటల్లేవు. వాళ్ళ బిడ్డ పెండ్లిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్నాడు."

"ఎన్నాళ్ళయింది?"

"పదకొండేండ్లు."

"పాయసం అయిపోయినాదా ఏమి?"

"లేదు. ఉన్నింది."

"మరి ఏందన్నా నీ బాధ!" అని ఆమె నవ్వితే, ముందు సీటువాళ్ళు కూడా తిరిగి చూశారు. నంద్యాలలో ఆమె దిగిపోయాక కిటికీ నాదే అయింది. ఓర్వకల్లు రాళ్ళగుట్టలు వచ్చేదాకా, ఆ పెండ్లిలో నాకంటే ముందు తిన్నవాళ్ళను లెక్కపెడుతూ కూర్చున్నాను.

నాలుగున్నరకు కర్నూలు. సత్రంలో చోటు దొరికింది. దుప్పటి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక ఆ ఊళ్ళో ఆఫీసులు చాలావరకు డేరాల్లోనే నడుస్తున్నాయి. మర్నాడు పదింటికి పటాల డేరా ముందు నిలబడ్డాను. గుమాస్తా నన్ను ఎండలో స్టూలు మీద కూర్చోబెట్టి, నా తర్వాత వచ్చిన ఇద్దరిని ముందు పంపాడు. ఇక్కడా రెండో పంక్తే.

పన్నెండింటికి పిలుపు వచ్చింది. పటాలు గీసే ఆయన కోస్తా వైపు కుర్రవాడు, మర్యాదస్తుడు.

"తోటయితే చెట్లు వరసల్లో ఉంటాయి కదండీ. ఇక్కడ ఎక్కడ పడితే అక్కడున్నాయి. అందుకే అడవి అని గీశాం."

 మొక్కలు నాటిన నాడు వరసలు కొలిచే తాడు మా ఊళ్ళో సుబ్బన్న దగ్గర మాత్రమే ఉండేది. అప్పటికే మాటల్లేవు; అడగడానికి మనసొప్పక కంటి అంచనాతో నాటాను. నా కన్ను ఎంత వంకరో విమానం చూసిపెట్టింది.

ఆయన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, పైన కాళ్ళున్న జంట అద్దాలు నిలిపి చూడమన్నాడు. చూడగానే మా కొండ కాగితంలోంచి పైకి లేచింది. ముక్కుకు తగులుతుందేమోనని వెనక్కి జరిగాను. మళ్ళీ వంగితే తోట, సుబ్బన్న చేను, ఆ చేని చుట్టూ విల్లులా వంగిన తెల్లటి గీత కనిపించాయి.

"అది వాగా అండీ?" అన్నాడాయన.

"కాదు సార్. నేను నడిచే దారి."

"గట్టు మీద తిన్నగా పోవచ్చుగా?"

"గట్టు సుబ్బన్నది."

పంక్తి సంగతి చెప్పక తప్పలేదు. ఆయన నవ్వాడు, గుమాస్తా నవ్వాడు, పక్క డేరాలోంచి ఇద్దరు వచ్చి అద్దాల్లో నా కోపాన్ని చూసి మరీ నవ్వారు. పదకొండేళ్ళు నేను పౌరుషం అనుకున్నది, పైనుంచి చూస్తే తప్పిపోయిన ఎద్దు నడక.

కానీ ఆ కుర్రవాడు నవ్వు ఆపి, మళ్ళీ వంగి చూశాడు. "పశువుల దారులు చీలిపోతాయండీ. కట్టెలవాళ్ళ దారి కొండెక్కుతుంది. ఇది రెండూ కాదు. ఊళ్ళో మొదలై తోటలో ఆగింది. రోజూ ఎవరో ఈ తోటకే నడుస్తున్నారు." పాత గీతను రబ్బరుతో చెరిపి, తోటకు అవతల, కొండ మొదట్లో కొత్తది గీశాడు. తోట దక్కింది. గుమాస్తా లేచి నాకు మంచినీళ్ళిచ్చాడు. ఎండలో కూర్చోబెట్టిన సంగతి మాత్రం నేను మరిచిపోలేదు.

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. నేను రాసుకుపోయిన మూడు పేజీల అర్జీ ఎవరూ విప్పలేదు. నా కాళ్ళు రాసిందే చదివారు.

మరుసటి సాయంత్రం అయిదింటికి ఒంటిమిట్టలో దిగి నేరుగా తోటకు నడిచాను. సుబ్బన్న గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"తోట నిలిచిందా అప్పా?" అన్నాడు. పదకొండేళ్ళకు మొదటి మాట.

"నిలిచింది."

"శానా మంచిది. గట్టు మింద రాప్పా, యాల చుట్టూ తిరుగుతావు?"

కాలు గట్టు దాకా పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

"కోపం కాదు సుబ్బన్నా. ఈ దారిలో గడ్డి మొలిస్తే, మళ్ళా విమానం వచ్చినప్పుడు తోట అడవైతాది."

సుబ్బన్న నన్నోసారి, ఆకాశాన్నోసారి చూశాడు. తర్వాత గట్టు దిగి, నా వెంట ఆ చుట్టుదారినే నడిచాడు. ముందు నేను, వెనక అతను. రెండో పంక్తిలో.