నవ్వు దగ్గర ఆపిన వీడియో

వీధిలో ఆమెను కత్తెరక్క అంటారు. బట్టలు కాదు, వీడియోలు కత్తిరిస్తుంది. భర్త కుట్టుమిషన్ల మెకానిక్. కింది గదిలో ఆయన మిషన్లు విప్పుకుని కూర్చుంటే, పై గదిలో ఆమె కంప్యూటరు ముందు కూర్చునేది. ఇద్దరూ కలిసి ఒక చానెల్ నడిపారు. మిషన్ల రిపేరు మీద ఇతరులు పెట్టిన వీడియోల నుంచి చిన్న ముక్కలు తీసుకుని, వాటిలో ఏది సరైనదో, ఏది తప్పో విడమరచి చెప్పడం దాని పని. గొంతు ఆయనది. ముఖం మాత్రం ఎన్నడూ చూపలేదు. "నా మొహం చూస్తే నడిచే మిషన్ కూడా ఆగిపోతుంది" అనేవాడు.

ఇతరుల ముక్క వాడుకోవాలంటే సొంతదారు పేరు వేస్తే చాలునని ఆయన నమ్మకం. కొద్ది సెకన్లయితే ఎవరూ అడగరని ఆడపడుచు నమ్మకం. కత్తెరక్క రెండింటినీ నమ్మలేదు. ముక్కను చూపి, ఆపి, దాని గురించి మాట్లాడాలి. చెప్పే మాటకు ఎంత అవసరమో అంతే చూపాలి. ముక్క చూసినవారికి అసలు వీడియో చూసే పని లేకుండా పోకూడదు. చెప్పేదేమీ లేకపోతే ముక్కే ఉండకూడదు. అలా చేసినా సొంతదారు నుంచి ఫిర్యాదు రాదని హామీ ఏమీ లేదు. వస్తే జవాబు చెప్పుకోవడానికి తన వైపు కొంత న్యాయం ఉంటుంది, అంతే. ఇంకొకరి వీడియోను మొదటిసారి ఎప్పుడూ శబ్దం ఆపేసి చూసేది. మాటలు వింటే చేతులు కనిపించవని ఆమె అనుభవం.

ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, చానెల్ ఆగిపోకూడదని ఆడపడుచు రెండు వీడియోలు పెట్టింది. ముక్కలు కత్తిరించకుండా, మాట కలపకుండా, ఉన్నవి ఉన్నట్టు. రెండింటి మీదా ఫిర్యాదులు వచ్చాయి, నిలబడ్డాయి. మూడోది నిలబడితే చానెల్ మొత్తం పోతుంది. ఆయన గొంతు ఉన్న వీడియోలు ఆమె దగ్గర దాచి ఉన్నాయి. కానీ వాటి కింద దర్జీలు అడిగిన ప్రశ్నలు, ఆయన ఓపిగ్గా రాసిన జవాబులు చానెల్‌తోనే పోతాయి.

ఆయన పోయాక ఆమె ఏడవలేదు. మరణ ధ్రువపత్రం తెచ్చింది, రిపేరుకు ఇచ్చినవారికి వాళ్ల మిషన్లు తిప్పి పంపింది, నీళ్ల మోటారు బాగుచేయించింది. అడిగినవారికి "బాగానే ఉన్నాను" అంది. అబద్ధమని ఆమెకు అనిపించలేదు. నిజమనీ అనిపించలేదు.

"వదినా, అన్నయ్య పోయాడని చానెల్‌లో చెప్పాలిగా. ఒక్కసారి మొహం చూపిద్దాం" అంది ఆడపడుచు. "ఎర్రచొక్కా వీడియోలో ఉన్నాడు కదా, నవ్వుతూ."

"అది అతని వీడియో."

"మనిషి మనవాడే కదా?"

"మనిషి మనవాడే. వీడియో మనది కాదు."

"నీతో మాట్లాడితే ఏదో ఆఫీసుకి ఫోన్ చేసినట్టుంటుంది వదినా."

ఎర్రచొక్కా ఇంకో మెకానిక్. ఏ వీడియోలో చూసినా అదే చొక్కా కనుక వీళ్లింట్లో ఆ పేరు పడింది. తన తప్పులు చూపించారని చాలాకాలం గుర్రుగా ఉన్నాడు. ఒకసారి విడిభాగాల దుకాణంలో ఆయన ఎదురుపడితే, అక్కడున్న మిషన్ ముందు కూర్చోబెట్టి వీడియో తీశాడు. ఆయన దారం బిగువు సరిచేస్తుండగా, "గురువుగారూ, మీకు ఎప్పుడూ తప్పే జరగదా?" అని అడిగాడు. ఆయన తలెత్తి నవ్వాడు. కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. దానికి 'తప్పే చేయని గురువుగారు' అని పేరు పెట్టి వదిలాడు ఎర్రచొక్కా. అది బాగా ఆడింది.

ఆమె ఫోన్ చేసి అనుమతి అడిగింది.

"ఇవ్వాలనే ఉందమ్మా. కానీ జనం ఆ వీడియో చూసేదే ఆ నవ్వు కోసం. అది మీ దగ్గర దొరికితే నా గుమ్మం ఎవరు తొక్కుతారు?"

"నిజమేనండి."

"కోపం వచ్చిందా?"

"లేదండి. ఉంటాను."

కోపం నిజంగానే రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ వీడియోను శబ్దం ఆపేసి చూసింది. అంతకుముందు చాలాసార్లు చూసింది కానీ, పనిగా చూడలేదు. ఈసారి ముఖాన్ని వదిలి చేతులు చూసింది. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. సూది దగ్గర గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదం పైకి లేచి ఉంది. ఆయన దాన్ని దించకుండానే బిగువు మరను తిప్పుతున్నాడు.

తరువాతి వీడియోకు ఆమె తన గొంతే పెట్టింది. మొదట రెండు వాక్యాల్లో ఆయన పోయారని చెప్పింది. తరువాత ఆ ముక్క.

"ఇక్కడ ఆపుదాం. ఈయన పాదం దించలేదు. పాదం పైకి ఉంటే దారాన్ని పట్టే పలకలు తెరుచుకునే ఉంటాయి. మరను ఎంత తిప్పినా బిగువు తెలియదు. ఈ పని చేసినవాళ్లని ఈయనే ఈ చానెల్‌లో చాలాసార్లు తిట్టారు. సరిగ్గా ఇప్పుడే తప్పులు జరగవా అని అడిగారు. ఈయన ఒకసారి పాదం వైపు చూశారు. అందుకు నవ్వారు."

పెదవులు విడివడిన చోట ముక్క ఆగిపోయింది. నవ్వు మొత్తం చూడాలంటే ఎక్కడ చూడాలో కింద లింకు ఇచ్చింది.

"పోయినవాడికి తప్పు పడతావా వదినా?" అంది ఆడపడుచు.

"నేను చెప్పగలిగింది అదొక్కటే."

"ఇంకాస్త నవ్వనివ్వాల్సింది."

"చెప్పడానికి అంతవరకే కావాలి."

ఆడపడుచు లేచి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడింది. "ఫిర్యాదు పెడతాడు చూడు" అంది. కత్తెరక్క ఆరిన బట్టలు మడత పెట్టింది.

సాయంత్రం ఎర్రచొక్కా ఫోన్ చేశాడు.

"ఫిర్యాదు పెట్టడానికే చూశానమ్మా మీ వీడియో."

"పెట్టండి. జవాబు రాస్తాను."

"అది కాదు. నన్ను వెక్కిరించి నవ్వారనుకున్నాను. ఆ ఉక్రోషంతోనే ఆ పేరు పెట్టా."

"కాదండి. పాదం దించలేదు, అందుకు."

"తీసింది నేనే. నాకు కనపడలేదు. ఫిర్యాదు పెట్టను లెండి. నా వీడియోకి పేరు మార్చమంటారా?"

"మీ వీడియో అండి. మీ ఇష్టం."

ఫోన్ పెట్టేసి ఆమె చానెల్ తెరిచింది. కొత్త వీడియో కింద ఎవరో దర్జీ అడిగాడు: కింద దారం ముద్దగా వస్తోంది, ఏం చేయాలి. ఇలాంటి వాటికి ఆయన జవాబు రాసేవాడు. ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, "ముందు పాదం దించండి" అని రాసి, మిగిలినది ఆలోచించసాగింది.