ఆకువక్కల డబ్బీలో దొరికిన హెల్ప్

నేను రాసిన ప్రోగ్రాం నాకే అర్థంగాక, ఒక ఆకువక్కల డబ్బీ మూత చూసి నడిపినాను! నవ్వకండి, టీ పొలమారుతుంది.

ఎనభైల చివరి మాట. కర్నూల్లో కంప్యూటర్ కోర్సు చేసొచ్చిన ఎమ్మిగనూరు కుర్రాణ్ణి. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో తొలి ఉద్యోగం. ఓనరు బొంబాయి నుంచి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ తెప్పించినాడు. పత్తి బండి రాగానే తూకం చీటీ అందులోంచి రావాల. ప్రోగ్రాం రాసేది నేను, మీటలు నొక్కేది గేటు కాడ తూకాలు చూసే ఖాదర్ సాబు, అందరికీ చిచ్చా. ముప్పై ఏళ్లు పత్తిలోంచి గింజలు తీసే జిన్నుల మోతలో ఉండి ఆయన చెవులు సగం పోయినాయి. ఆ మిల్లులో సగం మాటలు చేతి సైగలే.

నేర్పిన రోజే అడిగినాడు. "బేటా, ఏ మీట దేనికో ఆ అద్దం మీదనే సూపిస్తే కాదా?"

"జాగా లేదు చిచ్చా, మెమరీ శానా తక్కువ. అయినా తప్పు నొక్కితే అదే కుయ్‌మంటాది గదా!"

"యాడ కుయ్‌మనింది?"

"నీకు ఇనపడాలంటే దీనికి మిల్లు సైరన్ కట్టాల!"

ఆయనా నవ్వినాడు. నిజం చెప్పాలంటే, నాకు తెలిసిందాన్ని మళ్లీ రాయడం నాకు నామోషీ.

కీబోర్డుకు ఎడమపక్క రెండు వరసల్లో పది మీటలు, అన్నీ ఒకే తీరు. ఇంగ్లీషు రాని చిచ్చా తన ఆకువక్కల డబ్బీ తీసి, పనికొచ్చే మూడింటి మీద వేలితో సున్నం చుక్కలు పెట్టుకున్నాడు. "కంప్యూటరుకు కూడా నోరు పండిస్తాండావా?" అని రెండు నెలలు ఏడిపించినాను. ఆయన రోజూ ట్రయల్ చీటీలు తీస్తానే ఉన్నాడు. నేను ఆ మీటల జోలికే పోలేదు.

సీజన్ తొలిరోజు. దేవనకొండ బండ్లు, చిప్పగిరి బండ్లు గేటు దాటి రోడ్డు దాకా నిలబడినాయి. ఓనరు ఒకటే మాట. "ఈ పొద్దు చీటీ రాకుంటే డబ్బా బొంబాయికి, నువ్వు ఎమ్మిగనూరికి!"

కంప్యూటరుకు పూజ గదా అని నేను పొద్దున్నే తడిగుడ్డతో మీటలన్నీ అద్దంలా తుడిచి పెట్టినాను. సున్నం చుక్కలతో సహా!

చిచ్చా కూర్చున్నాడు. మీటలు చూసినాడు, నన్ను చూసినాడు.

"లెయ్ చిచ్చా, నేను కొడతా."

నొక్కినా. కుయ్! పక్కది నొక్కినా. కుయ్! నేనే పెట్టిన మీటలు, ఒక్కటీ గుర్తు లేదు! ఇంకోటి నొక్కితే ప్రోగ్రాం మళ్లీ మొదటికి పోయింది. తెర మీద నా పేరు, నక్షత్రాలతో పేర్చిన ఒక్కో అక్షరం తీరిగ్గా పైకి తేలుతా వచ్చింది. అర నిమిషం!

బయట నుంచి ఒక రైతు, "ఏమప్పా, లోపల కోడిపిల్ల గానీ సిక్కుకుందా?"

ఇంతలో చిచ్చా నా మొగం ముందర డబ్బీ పెట్టి వేలితో టకటక కొడతాండాడు.

"ఇప్పుడు ఆకువక్కా చిచ్చా? ఈడ నా ఉద్యోగం పోతాంది!" తోసేసినా. మళ్లీ పెట్టినాడు. మళ్లీ తోసినా. ఆఖరికి ఓనరే డబ్బీ అందుకొని మూత తిప్పినాడు.

మూత లోపల మేకుతో గీసిన బొమ్మలు! రెండు వరసల్లో పది చుక్కలు. ఒకదాని పక్కన బండి, ఒకదాని పక్కన తక్కెడ, ఇంకోదాని పక్కన తాళం. కొత్త బండి, తూకం, చీటీ భద్రం.

మూత చూసుకుంటా నొక్కినా. ప్రింటరు కరకరమంది. చీటీ వచ్చింది!

ఓనరు చీటీ వైపు చూడలేదు. "జాగా లేదంటివంట గదా. నీ పేరు ఊరేగేకి మాత్రం జాగా యాడిదప్పా?"

ఆ సాయంత్రమే నా పేరు పీకేసినా. ఆ నక్షత్రాలతోనే బండి, తక్కెడ, తాళం పేర్చినా. తప్పు నొక్కితే తెరంతా మిణుకుమనేట్టు చేసినా. ఇప్పటికీ ఖాళీ తెరతో ఎదురొచ్చే సాఫ్ట్‌వేర్‌ను చూస్తే నాకు తడి సున్నం వాసనే తగులుతుంది.

చిచ్చాకు చూపించినా. "బాగుండాది బేటా" అని భుజం తట్టి, తెర వైపు తిరక్కుండానే మళ్లీ మూడు సున్నం చుక్కలు పెట్టుకొని పనిలో పడినాడు.

నేను ఆ మిల్లులో ఉన్నన్నాళ్లూ తెర మీది ఆ బొమ్మలు చూసి నొక్కింది ఒక్కడే. నేనే!