బోర్డు మీది హ్యాజ్

చర్ల బస్టాండులో తునికి పండ్ల వాసన తగలగానే మా ఇంగ్లీషు సారు గుడ్డ సంచి గుర్తొచ్చింది. మా తరగతి వాళ్లూ, మీకు గుర్తుందా?

సంచిలోని పండ్లు మాయమైన రోజు సారు బోర్డు మీద "ఈదర్ సోములు ఆర్ జోసెఫ్ హ్యాజ్ ఈటెన్" అని రాశారు. ఆ జోసెఫ్‌ను నేనే.

"హ్యావ్ గాదా సార్?" అన్నాడు సోములు.

"ఇద్దరు తింటేనే హ్యావ్. ఇక్కడ దొంగ ఒక్కడే రా."

నేను తినలేదు గనక సోములే దొంగ అనుకున్నాను.

మొన్న ఫోనులో సోములును అడిగేశాను. "ఏంది రా, ఇన్నేండ్లు నువ్వే తిన్నవని నేననుకున్న!" అన్నాడు.

ఇద్దరూ కాదని చెప్పే 'నైదర్, నార్' పాఠం సారు మరుసటి వారం చెప్పారు. అప్పటికే మేమిద్దరం వేరు బెంచీలకు మారిపోయాం.