ఎద్దుల పుస్తకంలో చివరి పద్యం

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకాన్ని నేను. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మడం మీ ఇష్టం.

మా అమ్మ పేరు సుబ్బులు. ఆమెకు ఏడాది నిండకముందే వాళ్ళ నాన్న పోయాడు. పోయేముందు ఎద్దుల జబ్బులకు మందులు చెబుతూ పద్యాల పుస్తకం ఒకటి అచ్చు వేయించాడు. చివరి పద్యం కూతురి మీద రాశాడట. ఆ ఒక్కటీ వినాలని అమ్మ కోరిక. ఈమధ్య చెవి దగ్గర అరిస్తే తప్ప ఆమెకు వినపడదు, అదీ రోజురోజుకీ తగ్గిపోతోంది. నా కంగారంతా అదే.

పన్నెండేళ్ళు వెతికాను. రొంపిచెర్ల నుంచి మాచర్ల దాకా అడగని ఊరు లేదు. మా రైతులు ఆ పుస్తకాన్ని పశువుల కొట్టం చూరులో దోపేవారు. కప్పు మార్చినప్పుడు పాత గడ్డితో పాటు అదీ పొయ్యిలోకి పోయేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

పోయిన వేసవిలో క్రోసూరు నుంచి మస్తాన్ అనే మెకానిక్ ఫోన్ చేశాడు. వాళ్ళ తాత ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. తెలుగు చదవడం రాకపోయినా పుస్తకం కొని, పనిముట్ల పెట్టెలో దాచాడట. ఇంట్లో చెప్పకుండా బండి తీశాను. తీరా అది కాకపోతే అమ్మ దిగులుపడుతుందని భయం.

అదే పుస్తకం! మస్తాన్‌ను గట్టిగా వాటేసుకున్నాను. చివరి కాగితాలకు అచ్చాఫీసులో పడ్డ మడతల అంచులు కూడా కోయలేదు. అచ్చయినప్పటి నుంచి ఎవరూ తెరవలేదన్నమాట. అతనిచ్చిన హాక్సా బ్లేడుతో కోశాను. ఉంది! ఆవు నాలుక దూడను నిమిరినట్టు నా మాట నిన్ను నిమరాలి సుబ్బులూ అని దాని భావం. సంతోషం పట్టలేక షాపులోనే గొంతెత్తి చదివాను.

"ఇంకోసారి చదువన్నా, చానా బాగుంది" అన్నాడు మస్తాన్. నా ఫొటో కూడా తీశాడు. ఫొటోలో టైము పదకొండూ ఇరవై ఆరు.

గంటకు పైగా బండి నడిపి నరసరావుపేటలో ఇంటికి చేరేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. అత్తయ్య ఉన్నట్టుండి ఏదో పద్యం చదివిందని, వింతగా ఉంటే ఫోన్‌లో రికార్డు చేశానని చెప్పింది. విన్నాను. నాలుగు పాదాలూ అవే. రికార్డింగు పదకొండూ ముప్ఫై ఒకటికి.

చంటిపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న వినిపించి ఉంటాడని సర్దిచెప్పుకోబోయాను. అయినా ఉండబట్టలేక అమ్మ చెవిలో నోరు పెట్టి, ఎవరు నేర్పారని అడిగాను.

"నువ్వే గదరా ఇందాక చదివింది. మద్దెలో ఆ దగ్గేంది? కషాయం పెట్టిచ్చుకో" అంది.

నిజమే. పెట్టెలోని దుమ్ముకు మూడో పాదం దగ్గర దగ్గు తెరలు వచ్చి ఆగాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. పుస్తకం నా బల్ల మీదే ఉంది. అమ్మ మాత్రం ఆ పద్యం వినిపించమని మళ్ళీ అడగలేదు.