చెవిలో పేకముక్కలు

అట్లాంటిక్ సిటీ వెళ్లే బస్సులో పక్కసీటు తెలుగు కుర్రాడు నా మొహంలోకి చూడకుండానే అడిగాడు.

"అంకుల్, ఏదైనా మాట్లాడతారా? బ్లాక్‌జాక్ ఆటలో పడిన పేకముక్కలు లెక్కపెడుతూనే నార్మల్‌గా కబుర్లు చెప్పాలి. లేకపోతే కాసినోవాళ్లకి డౌట్ వచ్చి బయటికి పంపేస్తారు. నాకేమో సిగ్గు. ప్రాక్టీస్ చేస్తున్నా."

అతని ఇయర్‌బడ్‌లో ఒక గొంతు పేకముక్కల పేర్లు వరసగా చదువుతోందట.

పోయిన మా ఆవిడ గురించి మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పని ఆఖరి రోజు దాకా వెళ్లిపోయాను. అతని కళ్లు చెమర్చాయి. నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ మిమ్మల్ని గుర్తుపట్టారా?" అన్నాడు. ఏడ్చేశాను.

బస్సు ఆగాక ఇయర్‌బడ్ తీసి, ఫోన్‌లో జవాబు చూసుకుని, మొదటిసారి నవ్వాడు.

"లెక్క తప్పలేదంకుల్!"

ఇప్పటికీ ఎవరైనా నన్ను ఓదారుస్తుంటే, నా చూపు ముందు వాళ్ల చెవి మీదికి పోతుంది.