లోపల నుంచి తెరుచుకోని వ్యాను తలుపు

మన గ్రూపు అక్కలూ, తప్పులుంటే నవ్వకండి, నేను ఏడు వరకే చదివాను.

కూరగాయలు తోలే మా మూత వ్యానులో మా ఆయన పరుపు వేశాడు. ఆదివారం అడవిలో పాకాల చెరువు దగ్గర అందులోనే పడుకోవాలని ఆయన ఆశ. ఈ రోజు నన్ను ఎక్కించి, తనూ ఎక్కి, ఎట్లుంటదో చూడమని లోపల నుంచి తలుపు లాగాడు. బయట గడియ పడిపోయింది. చీకట్లో నాకు ఊపిరాడలేదు. ఇద్దరం బాదగా బాదగా అత్తమ్మ వచ్చి తీసింది.

"అడివిల గిట్ల బాదితే పులొచ్చి తీస్తదారా?" అంది.

"లోపల్నుంచి తీసే గొళ్ళెం పెట్టిస్త లే అవ్వా" అని ఆయన నవ్వాడు.

గొళ్ళెం పెట్టినా నేను రానని ఆయనకు చెప్పలేకపోతున్నాను. అంత ఇష్టంగా పరుపు కుట్టించాడు. మీరైతే ఎలా చెబుతారు? జవాబు రాసి, మీ ఇంట్లోవాళ్ళు చూసి ఆయనకు చెప్పకముందే ఇది మీ ఫోన్లలోంచి తీసేయండి.