నల్లబండ మీది వేటగాళ్లు

బేతంచెర్ల దగ్గరి నాపరాతి గనిలో, మధ్యాహ్నం సంగటి వేళ, కొట్టం కింద ఉన్నవాళ్లు, ఉన్నవి: రాయి చీల్చే మగవాళ్లు ఇరవై ముగ్గురు, మోసే ఆడవాళ్లు పదకొండు మంది, నీళ్ల కడవలు నాలుగు, గోడకు ఆనించిన నల్లబండ ఒకటి, సుద్దముక్క ఒకటి, ఓవర్సీరుగా నేను.

ఆ బండ మీద రోజుకొక బొమ్మ చొప్పున కథ గీసేవాణ్ణి. అవి యుద్ధపు రోజులు. ద్రోణాచలం స్టేషన్లో ఎవరో సోల్జరు వదిలేసిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకం చూశాక పట్టిన పిచ్చి అది. నా కథలో మూడు కళ్లవాళ్లు చుక్కల లోకం నుంచి రాగి ఓడలో దిగి, సరదాకు మనుషుల్ని వేటాడతారు. మనుషులు సమ్మెటలతో ఎదురు తిరుగుతారు.

పదమూడో బొమ్మనాడు కాంట్రాక్టరు నన్ను పిలిచాడు. ఆదివారం నల్లమల అంచున దొరల వేట ఉందట. తప్పెట్లు కొట్టి చిరుతను మంచె వైపు తరమడానికి ఇరవై మంది కావాలి. బలమైనవాళ్ల పేర్లు రాసిమ్మన్నాడు. రాశాను. ఇరవయ్యో పేరు మా గనిలోకెల్లా పెద్దవాడైన రాతిపనివాడి కొడుకుది. ఆ పెద్దాయనకు ఉన్నది ఒక్కడే కొడుకు.

సాయంత్రం ఆయన వచ్చి బండ ముందు కూర్చున్నాడు.

"నీ కథలో ఒక తప్పుండాది సారూ."

"ఏం తప్పు పెద్దాయనా?"

"ఆ మూడు కండ్లోళ్లు అడివంతా తిరిగి మనుషుల్ని వాళ్లే యెతుకుతాండారు. యాడన్నా ఉందా? వేటకొచ్చినోడు మంచె మీద కూచ్చుంటాడు. తరిమేది మనోళ్లే."

కాసేపు సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పాడు.

"మా తమ్ముడు గూడా తప్పెట కొట్టినోడే. చిరుత మంచె తిక్కు పోలేదు, యెనక్కి తిరిగింది. ఆ పొద్దు పేర్లు రాసినాయన శానా మంచోడు సారూ. నీ మాదిరే సదువుకున్నోడు."

కొడుకు పేరు తీసేయమని అడగలేదు. లేచి వెళ్లిపోయాడు. ఆ కొడుకు పేరొక్కటీ కొట్టేస్తే ఆ చోట ఇంకెవరి పేరు రాయాలో ఆలోచించాను. ఏ పేరూ తోచలేదు.

మరునాటి బొమ్మలో మూడు కళ్లవాళ్లను మంచె మీద కూర్చోబెట్టాను. కింద మనుషులే తప్పెట్లు కొడుతూ మనుషుల్ని తరుముతున్నారు. ముందు ఒకడు కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ కాయితమోడు మన కాంట్రాక్టరు గదప్పా!" అంది రాళ్లు మోసే ఒకామె.

"కాంట్రాక్టరుకు కండ్లద్దాలు యాడుండాయి?" అన్నాడు పెద్దాయన కొడుకు. "బాగ చూడక్కా, మన సారే!"

అందరూ పగలబడి నవ్వారు. అద్దాలు గీసిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నేనూ నవ్వబోయాను, రాలేదు. పెద్దాయన మాత్రం సంగటి ముద్ద వైపే చూస్తున్నాడు.

శనివారం పదిహేనో బొమ్మ గీశాను. తప్పెట్లన్నీ నేల మీద పడి ఉన్నాయి. మనుషులు వాటి పక్కన కూర్చుని సంగటి తింటున్నారు. రాళ్లు మోసే ఒకామె, సంగటిలోకి ఊరిబిండి పచ్చడి గీయడం మరిచానని తప్పుపట్టింది.

ఆ సాయంత్రం పాత జాబితా చించి, కొత్త కాగితం మీద నా పేరొక్కటే రాసి ఇచ్చాను. కాంట్రాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమప్పా, తమాషాగా ఉండాదా? నువ్వు రాయకపోతే నేను పిలవలేననుకున్న్యావా?"

గనిలోకి వెళ్లి ఒక్కొక్కరికీ తనే చెప్పాడు. అందరూ తలూపారు. పెద్దాయన కొడుకూ ఊపాడు. పెద్దాయన సమ్మెట దింపి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆదివారం తెల్లవారి తప్పెట్ల బండిలో కాంట్రాక్టరూ నేనూ అడవి అంచుకు చేరాం. దొరలు మంచె ఎక్కారు. ఎండ ముదిరేదాకా దారి వైపు చూశాం, గని నుంచి ఒక్కరూ రాలేదు. ఇరవై మందినీ పనిలోంచి తీసేస్తే గని మూతపడుతుందని కాంట్రాక్టరుకూ తెలుసు. చివరికి తిట్టుకుంటూ తనే ఒక తప్పెట మెడకు తగిలించుకున్నాడు, నాకొకటి అందించాడు.

తప్పెట్లు ఇరవై. కొట్టినవాళ్లు ఇద్దరు.